తప్పు చెవికి వినపడదు... కంటికి దొరుకుతుంది!

ఆదివారం సాయంత్రం. గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీట్లో కూర్చున్నావిడ బస్సు కదలకముందే సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. వాటినిండా ఎర్ర సిరాతో ఇంటూ గుర్తులే. ఓ కాగితాన్ని పెదాలు కదుపుతూ నాలుగైదుసార్లు చదివింది. విసుగ్గా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఏం పరీక్షమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"బ్యాంకు క్లర్కు పరీక్షండీ. బ్రాడీపేటలో ప్రతి ఆదివారం మాదిరి పరీక్ష పెడతారు. రాసి వస్తున్నా."

మాటల్లో తెలిసింది. ఆవిడ పుట్టిల్లు మార్టూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీ చిలకలూరిపేటలో చదివింది. భర్త పోయి నాలుగేళ్లు. ఏడేళ్ల బాబున్నాడు. సీజనులో తల్లితోపాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. కిలోకింత అని కూలి. రాత్రి బాబు నిద్రపోయాక చదువు. వయసు ముప్పై మూడు.

"పోయినసారి లెక్కలు, రీజనింగు గట్టెక్కాయండీ. ఇంగ్లిషులో ముప్పావు మార్కు తక్కువై పోయింది. ఇదుగో, ఈ 'తప్పు ఎక్కడుందో చెప్పండి' ప్రశ్నలే ముంచుతున్నాయి. చదువుతుంటే అన్ని వాక్యాలూ కరెక్టుగానే వినపడతాయి. తప్పు ఎక్కడుందో చెవికి తెలియడం లేదు" అంది.

ముప్పావు మార్కు! అంటే మూడు తప్పు జవాబులకు కోసేసే మార్కులు. ఆ మూడూ రాయకుండా వదిలేసి ఉంటే ఆవిడ గట్టెక్కేది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లిషు చెబుతున్నాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకు చెవి కొంత సాయం చేస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న వాక్యం కాబట్టి, తేడాగా ఉంటే 'ఎక్కడో తంతోంది' అనిపిస్తుంది. తెలుగు మీడియం అమ్మాయికి ఆ సౌకర్యం లేదు. అందుకని ఆమె ఓడిపోవాలా? అక్కర్లేదు. చెవి లేనిచోట కంటిని వాడొచ్చు. పైగా మనకు బాగా వచ్చిన వ్యాకరణం ఒకటి ఉంది. అదే మన తెలుగు! మార్టూరు వచ్చేదాకా ఆవిడతో మాట్లాడిన సంగతులే ఇవి. మీ ఇంట్లో పరీక్షకు తయారవుతున్న చెల్లెలో, కోడలో, కూతురో ఉంటే వాళ్లకూ చెప్పండి. మీరే రాస్తుంటే మరీ మంచిది.

అసలు ఈ ప్రశ్నలకు అంత బరువుందా?

ఐబీపీఎస్ క్లర్కు పరీక్ష ప్రిలిమ్స్‌లో మొత్తం 100 మార్కులు. ఇంగ్లిషుకు 30 ప్రశ్నలు, 30 మార్కులు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మూడు విభాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ దాటాలి. లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా ఇంగ్లిషు లోటును పూడ్చవన్నమాట. ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పరీక్షలు ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలని 2021లో కేంద్రం నిర్ణయించింది. దాంతో లెక్కలు, రీజనింగు ప్రశ్నలు తెలుగులోనూ చదువుకోవచ్చు. ఇంగ్లిషు విభాగం మాత్రం ఇంగ్లిషులోనే కదా! కాబట్టి తెలుగు మీడియం వాళ్లకు అసలు అడ్డంకి అక్కడే.

ఇంటర్ అర్హతతో రాసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీహెచ్ఎస్ఎల్ పరీక్ష మొదటి దశలోనూ ఇంగ్లిషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులున్నాయి. అక్కడ తప్పు జవాబుకు అర మార్కు కోత.

ఈ పరీక్షల్లో వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలు రకరకాలుగా వస్తాయి. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి 'ఏ ముక్కలో తప్పుంది?' అని అడగడం ఒకటి. ఐదో జవాబుగా 'తప్పు లేదు' అని ఉంటుంది. గీత గీసిన ముక్కకు బదులు ఏది సరైనదో ఎంచుకోమనడం ఇంకొకటి. పాఠ్యభాగం చదివి జవాబివ్వాలంటే ఎక్కువ సమయం కావాలి. వీటికలా కాదు. దారి తెలిస్తే అరనిమిషంలో తేలిపోతాయి. తెలియకపోతే రెండు నిమిషాలు తినేసి, పావు మార్కు కూడా పట్టుకుపోతాయి.

వయసు గురించి ఒక్కమాట

ఆవిడ మొదటిసారి దరఖాస్తు పెట్టడానికే రెండేళ్లు ఆలస్యం చేసిందట. "నాకు వయసు దాటిపోయిందనుకున్నానండీ" అంది. క్లర్కు పోస్టుకు మామూలుగా 20 నుంచి 28 ఏళ్ల వయసుండాలి. అయితే భర్త చనిపోయినవాళ్లకు, విడాకులు తీసుకున్నవాళ్లకు, చట్టప్రకారం భర్త నుంచి విడిగా ఉంటున్నవాళ్లకు, మళ్లీ పెళ్లి చేసుకోకపోతే సడలింపు ఉంది. జనరల్ వాళ్లకు 35, బీసీలకు 38, ఎస్సీ, ఎస్టీలకు 40 ఏళ్ల దాకా రాయొచ్చు. ఈ సంగతి తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎందరో! నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు నిబంధనలున్న పేజీని చివరిదాకా చదవండి.

ముందు తొడిమ తీయండి

"మీరు రోజూ చేసే పనే ఇక్కడా చేయాలి" అన్నాను ఆవిడతో. నవ్వింది.

ఇంగ్లిషు వాక్యంలో మొదట చూడాల్సింది క్రియ. తర్వాత ఆ క్రియ ఎవరిదో, అంటే కర్త ఎవరో పట్టుకోవాలి. మధ్యలో ఉన్నదంతా తొడిమే. తీసి పక్కన పెట్టాలి.

ఈ వాక్యం చూడండి: 'ది క్వాలిటీ ఆఫ్ ది చిల్లీస్ ఆర్ గుడ్'. చెవికి బాగానే ఉంది. ఎందుకంటే 'ఆర్' పక్కనే 'చిల్లీస్' ఉంది. కాయలు చాలా ఉన్నాయి కాబట్టి 'ఆర్' సరిపోయిందనిపిస్తుంది. ఇదే మాట తెలుగులో చెప్పండి. "మిరపకాయల నాణ్యత బాగుంది". "నాణ్యత బాగున్నాయి" అని మన ఊళ్లో ఏ పిల్లయినా అంటుందా? అనదు! తెలుగులో 'మిరపకాయల' అన్న మాట ముందు వచ్చి, అసలు కర్త 'నాణ్యత' క్రియకు ఆనుకుని కూర్చుంటుంది. ఇంగ్లిషులో కర్త ముందు వచ్చేసి, 'ఆఫ్ ది చిల్లీస్' అన్న తోక మధ్యలో దూరుతుంది. పరీక్ష పెట్టేవాళ్లు ఆ తోకతోనే మనల్ని బోల్తా కొట్టిస్తారు. 'ఆఫ్' నుంచి క్రియ ముందు దాకా ఉన్న ముక్కను వేలితో మూసేయండి. 'ది క్వాలిటీ... ఈజ్ గుడ్'. అయిపోయింది!

ఇంకొకటి: 'ది ఫార్మర్, అలాంగ్ విత్ హిజ్ సన్స్, ఆర్ గోయింగ్ టు ది యార్డ్'. తెలుగులో అనుకోండి: "రైతు కొడుకులతో కలిసి యార్డుకు వెళ్తున్నాడు". 'వెళ్తున్నారు' అనం కదా! కాబట్టి 'ఈజ్'. రెండు కామాల మధ్య ఉన్నది తొడిమ. 'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్', 'టుగెదర్ విత్' అన్నవి కనపడితే వాటి వెనక ఉన్న మనుషుల్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మూడోది: 'గుంటూరు ఈజ్ వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ చిల్లీ మార్కెట్ ఇన్ ఏషియా'. తెలుగులో "పెద్ద మార్కెట్లలో ఒకటి" అంటాం. 'మార్కెట్‌లో ఒకటి' అనం. కాబట్టి 'మార్కెట్స్'. 'వన్ ఆఫ్ ది' తర్వాత వచ్చే పేరు ఎప్పుడూ బహువచనమే.

చూశారా, ఈ మూడింటిలోనూ తెలుగే జవాబు చెప్పింది. మన భాషలో క్రియ చివర కర్తను బట్టే మారుతుంది. 'వచ్చాడు, వచ్చింది, వచ్చారు' అని రోజుకు వందసార్లు తప్పు లేకుండా అంటున్నాం. కర్తకూ క్రియకూ పొత్తు కుదర్చడం మనకు కొత్త విద్య కాదు. కర్త ఎక్కడ దాక్కుందో చూడటమే కొత్త.

తెలుగు కాలు అడ్డం పెట్టే చోట్లు

అన్నిసార్లూ తెలుగు సాయం చేస్తే ఇంకేం! కొన్నిచోట్ల మన అలవాటే మనల్ని ముంచుతుంది. అవి ఎక్కడెక్కడో తెలిస్తే తప్పులూ అక్కడే దొరుకుతాయి.

మొదటిది, గౌరవం. "నాన్నగారు వచ్చారు", "ప్రతి ఒక్కరూ వచ్చారు" అని ఒకరినైనా బహువచనంలో చెప్పడం మన మర్యాద. ఇంగ్లిషుకు ఆ మర్యాద లేదు. 'ఈచ్', 'ఎవ్రీ', 'ఎవ్రీవన్' వస్తే క్రియ ఏకవచనమే. 'ఈచ్ ఆఫ్ ది గర్ల్స్ హ్యావ్ ఎ బుక్' తప్పు. 'హ్యాజ్' ఒప్పు.

రెండోది, 'నుంచి'. "2020 నుంచి పనిచేస్తోంది" అంటాం. "ఐదేళ్ల నుంచి పనిచేస్తోంది" అని కూడా అంటాం. మనకు రెంటికీ ఒకటే మాట. ఇంగ్లిషులో రెండు. మొదలైన రోజో, సంవత్సరమో చెబితే 'సిన్స్'. ఎంతకాలమో చెబితే 'ఫర్'. పైగా క్రియ కూడా మారుతుంది. 'షి ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి. 'షి హ్యాజ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలి. పరీక్షలో వీటిలో ఒక్క తప్పే పెడతారు. 'సిన్స్' గానీ 'ఫర్' గానీ కాలంతో కలిసి కనపడిందా, కన్ను వెంటనే రెండు చోట్లకు పోవాలి. కాలం మాట ఎలా ఉంది, ముందు క్రియలో 'హ్యాజ్' లేదా 'హ్యావ్' ఉందా? పాత సంగతి చెబుతుంటే 'హ్యాడ్' రావచ్చు.

మూడోది, 'చూశాను'. "నిన్న చూశాను", "ఇంతకుముందు చూశాను" అని మనం ఒకటే క్రియ వాడతాం. ఇంగ్లిషులో 'యెస్టర్డే', 'లాస్ట్ ఇయర్', 'ఇన్ 2019' లాంటి గడిచిపోయిన సమయం వాక్యంలో ఉంటే 'హ్యావ్ సీన్' కుదరదు. 'సా' అనాలి. వాక్యం చివర్లో ఉన్న 'యెస్టర్డే'ని చాలామంది చూడరు. ముందు దాన్నే చూడాలి!

నాలుగోది, విభక్తులు. "డు ము వు లు" అంటూ బెత్తం భయంతో వల్లె వేసిన రోజులు గుర్తున్నాయా? ఆ విభక్తులనే ఇంగ్లిషులోకి లాక్కుపోతాం. "గురించి చర్చించారు" కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' అనేస్తాం. అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. "గదిలోకి వచ్చింది" కాబట్టి 'ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్' అంటాం. 'ఎంటర్డ్ ది రూమ్' చాలు. "అతనితో పెళ్లయింది" అని 'మ్యారీడ్ విత్' అంటాం. 'మ్యారీడ్ టు' అనాలి. "నా మీద కోపం" అని 'యాంగ్రీ ఆన్ మీ' అంటాం. 'యాంగ్రీ విత్ మీ' ఒప్పు. "నాకంటే సీనియర్" అని 'సీనియర్ దాన్ మీ' అంటాం. 'సీనియర్ టు మీ' అనాలి. "కాఫీ కంటే టీ ఇష్టం" అని 'ప్రిఫర్ టీ దాన్ కాఫీ' అంటాం. అక్కడా 'టు'నే. ఇలాంటివి ఓ నలభై, యాభై ఉంటాయి. వీటికి లాజిక్కు వెతక్కండి. ఓ నోటుబుక్కులో ఎడమవైపు తెలుగు విభక్తి, కుడివైపు ఇంగ్లిషు మాట రాసుకుని, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు రోజుకు ఐదు చూసుకోండి.

ఐదోది, జంట మాటలు. "అలసిపోయినా కూడా, కానీ పని చేసింది" అని మాట్లాడేటప్పుడు రెండూ కలిపేస్తుంటాం. ఇంగ్లిషులో 'ఆల్‌దో' అని మొదలుపెడితే రెండో సగంలో 'బట్' రాకూడదు. 'బికాజ్' ఉంటే 'సో' రాకూడదు. మరోవైపు కొన్ని మాటలకు జోడీ తప్పనిసరి. 'నో సూనర్'కు 'దాన్', 'హార్డ్లీ'కి 'వెన్', 'నీదర్'కు 'నార్', 'నాట్ ఓన్లీ'కి 'బట్ ఆల్సో'. వాక్యం మొదట్లో వీటిలో ఒకటి కనపడగానే చివరిదాకా వెళ్లి జోడీ ఉందో లేదో చూడండి. పరీక్షలో ఇంతకంటే తేలిగ్గా దొరికే మార్కు ఉండదు.

వాన పడితే...

బస్సు యడ్లపాడు దాటింది. దారి పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆవిడ కాగితంలో ఓ వాక్యం చూపించింది. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్, ది చిల్లీస్ విల్ గెట్ వెట్'. "ఇందులో ఏం తప్పుందండీ? వాన ఇంకా పడలేదు కదా, 'విల్' ఉండాలిగా?" అంది.

"తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

"వాన పడితే కాయలు తడుస్తాయి."

"'పడితే'లో 'రేపు పడుతుంది' అన్న మాటేమైనా ఉందా?"

ఒక్క క్షణం ఆగి, "లేదు. తడవడం ఒక్కటే తర్వాత జరిగేది" అంది.

అంతే! 'ఇఫ్' ఉన్న ముక్కలో 'విల్' వద్దు. రెండో ముక్కలో ఉంటే చాలు. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ది చిల్లీస్ విల్ గెట్ వెట్'. కల్లంలో కాయ ఆరబోసి మబ్బు వంక చూసే ప్రతి ఇల్లాలికీ ఈ వాక్యం వచ్చు. ఇంగ్లిషులో రాసేసరికి కంగారు పడుతున్నామంతే.

అలాగే 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' లాంటివి. "నాకు తెలుసు", "ఇద్దరు తమ్ముళ్లున్నారు" అంటాం. అక్కడ 'తున్న' రాదు కదా! ఇంగ్లిషులోనూ 'ఐ నో', 'ఐ హ్యావ్' అనే అనాలి.

తూచేవి, ఎంచేవి

పత్తిని తూస్తాం. మిరపకాయల్ని కావాలంటే ఎంచొచ్చు. ఇంగ్లిషు వ్యాకరణం కూడా ఇలాగే రెండు గంపలు పెట్టుకుంది. ఎంచలేనివాటికి బహువచనం లేదు. 'మెనీ' రాదు, 'మచ్' వస్తుంది. 'మచ్ కాటన్', 'మెనీ చిల్లీస్'. 'లెస్ కాటన్', 'ఫ్యూయర్ చిల్లీస్'. ఇంతవరకు తేలికే. చిక్కల్లా మనం ఎంచేవాటిని ఇంగ్లిషు వాళ్లు తూచే గంపలో వేయడం దగ్గర. సలహాలు, సామాన్లు, లగేజీలు మనకు బహువచనాలు. 'అడ్వైస్', 'ఫర్నిచర్', 'లగేజ్', 'ఇన్ఫర్మేషన్', 'ఎక్విప్‌మెంట్', 'న్యూస్' అనే మాటలకు ఇంగ్లిషులో బహువచనం లేదు. 'ఫర్నిచర్స్' అని కనపడితే తప్పు అక్కడే. 'న్యూస్' చివర 'స్' ఉన్నా అది ఏకవచనమే. 'ది న్యూస్ ఈజ్ గుడ్'.

'ఎ'నా, 'యాన్'నా? తెలుగులో రాసి చూడండి!

తెలుగులో 'ఎ, యాన్, ది' లాంటివి లేవు. అందుకే ఈ తప్పులు మన కంటికి ఆనవు. కానీ 'ఎ'కూ 'యాన్'కూ మధ్య తేడా తేల్చడానికి మన లిపిని మించింది లేదు. ఎందుకంటే అది స్పెల్లింగును కాదు, శబ్దాన్ని రాస్తుంది. అనుమానం వచ్చిన మాటను రఫ్ కాగితం మీద తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'.

'ఆనెస్ట్ ఉమన్' అచ్చుతో మొదలైంది. 'యాన్ ఆనెస్ట్ ఉమన్'. 'అవర్' అంటే గంట, అదీ అచ్చే. 'యాన్ అవర్'. 'యూనివర్సిటీ'లో మొదటి అక్షరం య, హల్లు. 'ఎ యూనివర్సిటీ'. 'వన్ రుపీ నోట్'లో వ, హల్లు. 'ఎ వన్ రుపీ నోట్'. 'ఎంబీఏ డిగ్రీ' అచ్చు. 'యాన్ ఎంబీఏ డిగ్రీ'. ఒక్క జాగ్రత్త ఉంది. మన నోటి అలవాటు కొద్దీ 'యాపిల్', 'యాక్టర్', 'యెగ్' అంటుంటాం. ఆ మాటలు ఇంగ్లిషులో అచ్చుతోనే మొదలవుతాయి. వాటికి 'యాన్'.

'తప్పు లేదు' అనడానికీ ధైర్యం కావాలి

ఆవిడ మాదిరి పరీక్ష కాగితంలో ఓ విచిత్రం చూశాను. 'తప్పు లేదు' అన్న జవాబును ఒక్కసారి కూడా ఎంచుకోలేదు. "తప్పు వెతకమన్నాక తప్పు ఉండదా అండీ?" అంది. ఇంకొందరు దీనికి తిరగబడి ఉంటారు. ఏమీ తోచకపోతే 'తప్పు లేదు' అని పెట్టేస్తారు. రెండూ ప్రమాదమే.

దీనికో చిన్న పరీక్ష ఉంది. మీకు తప్పనిపించిన చోట, ఎందుకు తప్పో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. "కర్త ఏకవచనం, క్రియ బహువచనం" అని చెప్పగలిగితే అది తప్పే. "ఏమో, ఆ మాట ఎప్పుడూ వినలేదు" అనిపిస్తే అది తప్పు కాదు, మీకు తెలియని మాట, అంతే. వరుసగా అన్నీ చూశాక కారణం చెప్పగలిగే తప్పు ఒక్కటీ దొరక్కపోతే, అప్పుడు ధైర్యంగా 'తప్పు లేదు' అనండి.

గీత గీసిన ముక్కను మార్చమనే ప్రశ్నల్లో ముందు జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో 'హ్యాజ్', ఇంకోదాంట్లో 'హ్యావ్' ఉంటే వాళ్లు కర్త గురించి అడుగుతున్నారని అర్థం. 'టు', 'దాన్' తేడా ఉంటే విభక్తి గురించి. ప్రశ్న దేని మీదో జవాబులే చెప్పేస్తాయి!

గుడ్డిగా పెట్టాలా, వదిలేయాలా?

ఇక్కడ ఇల్లాలి లెక్క వేద్దాం. ఐదు జవాబులున్న ప్రశ్నలు పది, గుడ్డిగా పెట్టారనుకోండి. సగటున రెండు తగులుతాయి. రెండు మార్కులు వస్తాయి. మిగతా ఎనిమిదింటికి పావు చొప్పున రెండు మార్కులు పోతాయి. చేతికి సున్నా! పోయిన సమయం అదనం. అదే ప్రతి ప్రశ్నలో రెండు జవాబులు కచ్చితంగా కావని కొట్టేయగలిగితే? అలాంటి ప్రశ్నలు పన్నెండుంటే సగటున నాలుగు తగులుతాయి. నాలుగు మార్కులు వస్తాయి, ఎనిమిది తప్పులకు రెండు పోతాయి. రెండు మార్కులు మిగులుతాయి. కాబట్టి సూత్రం ఇదీ: రెండు కొట్టేయగలిగితే పెట్టండి. ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి. వదిలేయడం చేతకానితనం కాదు. ఆవిడ ముప్పావు మార్కు పోయింది ఇక్కడే కదా!

విదేశీ చదువులకు వెళ్లే పిల్లలుంటే...

గుంటూరు, ఒంగోలు ఇళ్లలో పై చదువులకు అమెరికా వెళ్లే పిల్లలు ఎక్కువే. వాళ్లకోసం ఒక మాట. పాత పుస్తకాలు చూసి వ్యాకరణం బట్టీ పట్టించకండి. టోఫెల్‌లో ఒకప్పుడు తప్పు పట్టే ప్రశ్నల విభాగం ఉండేది. 2005లో ఇంటర్నెట్ పద్ధతి వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. జీమ్యాట్‌లో వాక్యాలు సరిచేసే ప్రశ్నలు 2023 చివర్లో వచ్చిన కొత్త పద్ధతితో పోయాయి. శాట్‌లో మాత్రం ఇంగ్లిషు నియమాల ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ పరీక్షయినా ముందు ఆ ఏడాది నమూనా చూసుకున్నాకే పుస్తకం కొనండి.

తప్పుల పుస్తకం

చిలకలూరిపేటలో బస్సు ఆగింది. ఆవిడ కాగితాలన్నీ ముందేసుకుని ఇంటూ గుర్తుల్ని గుంపులుగా విడదీశాం. ఇరవై రెండు తప్పులు. వాటిలో తొమ్మిది విభక్తులవి. ఆరు 'సిన్స్', 'ఫర్', 'హ్యాజ్ బీన్' దగ్గర. నాలుగు కర్త దాక్కున్న వాక్యాలు. మిగిలిన మూడూ అవీ ఇవీ. "అంటే నాకు ఇంగ్లిషు రాదని కాదు. మూడు చోట్ల రాదు!" అంది ఆవిడ. ఆ మాట అన్నప్పుడు ఆ ముఖం చూడాలి!

మీరూ ఇలాగే చేయండి. రోజుకు వంద ప్రశ్నలు చేసి పక్కన పడేయడం కంటే, పది చేసి, పోయినవాటికి కారణం తెలుగులో ఒక్క వాక్యం రాసుకోవడం మేలు. నెల తిరిగేసరికి మీ తప్పులన్నీ నాలుగైదు రకాలేనని తెలుస్తుంది. తాలు కాయలు ఏ బస్తాలో ఉన్నాయో తెలిశాక ఏరేయడం ఎంతసేపు?

మార్టూరులో దిగేటప్పుడు ఆవిడ, "ఇవాళ రాత్రి బాబుకు కూడా చెబుతానండీ, 'వాన పడితే' సంగతి" అంది. రెండు వారాల తర్వాత ఫోనులో ఓ కాగితం ఫొటో పంపింది. పది వాక్యాలు. ఏడు ఒప్పు, ఒకటి తప్పు, రెండు వదిలేసినవి. వదిలేసినవాటి పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: "కారణం చెప్పలేకపోయాను, అందుకే పెట్టలేదు."

అసలు పరీక్ష ఇంకా ముందుంది. ఫలితం ఏమవుతుందో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ పెన్సిల్ రాత చూశాక, ఈసారి పోయినా ముప్పావు మార్కుతో మాత్రం పోదనిపించింది.

పరీక్ష హాల్లో కన్ను వెళ్లాల్సిన వరుస

1. క్రియ ఎక్కడ? దాని కర్త ఎవరు? మధ్యలో ఉన్న ముక్కను మూసేసి చూడండి.

2. కాలం చెప్పే మాట ఉందా? 'యెస్టర్డే', 'సిన్స్', 'ఫర్', 'ఇఫ్' కనపడితే క్రియను మళ్లీ చూడండి.

3. జంట మాట ఒకటుంటే రెండోది ఉందా? అక్కర్లేని జోడీ వచ్చిందా?

4. క్రియ పక్కన చిన్న మాట 'టు, విత్, ఆన్, అబౌట్' తెలుగు విభక్తి నుంచి జారిపడిందా?

5. తూచే మాటకు బహువచనం తగిలించారా? 'వన్ ఆఫ్ ది' తర్వాత బహువచనం ఉందా?

6. వరుసగా చెప్పిన పనులన్నీ ఒకే రూపంలో ఉన్నాయా? 'కుకింగ్, రీడింగ్ అండ్ టు సింగ్' అంటే తప్పు. వండటం, చదవడం, పాడటం అన్నట్టు 'సింగింగ్' అనాలి.

7. 'ఎ', 'యాన్' శబ్దానికి సరిపోయాయా?

ఏడూ చూసినా ఏమీ దొరకలేదా? 'తప్పు లేదు'. ముందుకు వెళ్లిపోండి!